మాంటెరే రికార్డు: ఒకవైపు హెండ్రిక్స్, ఒకవైపు ఓటిస్, మధ్యలో జనం

అమెరికన్ సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్‌ని ఎక్కణ్ణుంచి వినడం మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను స్టూడియో ఆల్బమ్ పేరు చెప్పను. 1967 జూన్ 17, శనివారం రాత్రి, కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన పాప్ ఫెస్టివల్‌లో అతను పాడిన అయిదు పాటలు వినమంటాను. అన్నీ కలిపి ఇరవై నిమిషాలకు అటూ ఇటూ. మొదట రెండు పాటలు ఊపిరి తిప్పుకోనివ్వకుండా పరుగెత్తిస్తాడు. తర్వాత ఆగి జనంతో మాట్లాడతాడు. ఇక్కడున్నది ప్రేమించే జనమే కదా, మనమంతా ఒకరినొకరం ప్రేమించుకుంటాం కదా, నేనన్నది నిజమేనా, నిజమైతే అవునని నాకు వినపడేలా చెప్పండి అంటాడు. జనం అవునంటారు. ఆ తర్వాత నెమ్మదైన పాట ఒకటి అందుకుంటాడు. అక్కడ ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ అయిదు పాటలూ ఎల్పీగా, అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద ప్లేటుగా, జనం చేతికి వచ్చింది మూడేళ్ల తర్వాత, 1970 ఆగస్టు 26న. రిప్రైజ్ కంపెనీ విడుదల చేసిన ఆ రికార్డులో మొదటి వైపు గిటారిస్టు జిమీ హెండ్రిక్స్, రెండో వైపు ఓటిస్. అప్పటికి ఓటిస్ చనిపోయి రెండున్నరేళ్లు దాటింది. రికార్డు వచ్చిన మూడు వారాలకే, సెప్టెంబర్ 18న, హెండ్రిక్స్ కూడా పోయాడు. ఒకరిది నల్లజాతి చర్చి పాటల్లోంచి పుట్టిన సోల్ సంగీతం, ఇంకొకరిది బ్లూస్ అనే పాత నల్లజాతి పాటల మీద కట్టిన బ్లూస్ రాక్. ఒకరు శనివారం రాత్రి పాడారు, ఇంకొకరు ఆదివారం రాత్రి. ఇద్దరినీ ఒకే ప్లేటు మీద పెట్టడంలో అర్థం ఏమైనా ఉందా? ఇందులో వినపడేది ఆ రోజు జరిగిందేనా? అసలు లైవ్ రికార్డు అంటే ఏమిటి? మొదట తేల్చుకోవాల్సింది ఈ చివరి ప్రశ్న.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. పద్యనాటకాల రోజుల్లో ఒకే నటుడి పద్యం గ్రామఫోను ప్లేటు మీద ఒకలా, పందిట్లో ఒకలా ఉండేది. 78 స్పీడు ప్లేటులో ఒక వైపుకి మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది. పద్యం, రాగం అన్నీ అందులోనే సర్దుకోవాలి. అదే నాటకంలో జనం "వన్స్ మోర్" అని కేకలేస్తే పద్యం మళ్లీ ఎత్తుకోవాల్సిందే, ఈసారి రాగం ఇంకాస్త సాగదీయాల్సిందే. ప్లేటు మీద పద్యం ఉండేది కానీ వన్స్ మోర్ ఉండేది కాదు. ఆ వన్స్ మోర్‌ని కూడా ప్లేటు మీదికి ఎక్కిద్దామనే ప్రయత్నమే లైవ్ రికార్డు. అందుకే దాన్ని అర్థం చేసుకోవాలంటే గాయకుడి గురించి ఎంత తెలుసుకోవాలో, ఎదురుగా కూర్చున్న వాళ్ల గురించీ అంత తెలుసుకోవాలి. లైవ్ రికార్డులో జనం కూడా ఒక వాద్యం. ఎవరి ముందు పాడుతున్నాడన్న దాన్ని బట్టి పాట మారిపోతుంది. నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మాంటెరేకి ముందు రెండు హాళ్లు

సోల్ రంగంలో ఈ ప్రయత్నానికి దారి వేసింది గాయకుడు జేమ్స్ బ్రౌన్. 1962లో అతను న్యూయార్క్ హార్లెంలోని అపోలో థియేటర్‌లో తన షో రికార్డు చేద్దామన్నాడు. సిన్సినాటిలో ఉండే అతని కంపెనీ, కింగ్ రికార్డ్స్, దాని యజమాని సిడ్ నాథన్ ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో వ్యాపారమంతా సింగిల్స్ మీద, అంటే వైపుకి ఒక పాట ఉండే చిన్న ప్లేట్ల మీద నడిచేది. జనం దగ్గర ఇప్పటికే ఉన్న పాటల్నే మళ్లీ పాడి అమ్మితే ఎవరు కొంటారన్నది అతని లెక్క. బ్రౌన్ తన జేబులోంచి డబ్బు తీశాడు. ఆ ఖర్చు 5,700 డాలర్లని ఎక్కువగా వినపడే మాట. అక్టోబర్ 24న రికార్డు చేశారు, మరుసటి ఏడాది విడుదల చేశారు. అది బిల్‌బోర్డ్ పత్రిక వేసే పాప్ ఆల్బమ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లి 66 వారాలు నిలిచింది.

ఆ రికార్డులో పదినిమిషాలు దాటే పాట ఒకటుంది. ప్రియురాలు దూరమైన బాధ. ఎల్పీ ఒక వైపు చివర్లో మొదలై, ప్లేటు తిరగేస్తే రెండో వైపున కొనసాగుతుంది. పాట అనడం కంటే బ్రౌన్‌కీ హాలుకీ మధ్య నడిచే బేరం అంటే సరిగ్గా ఉంటుంది. బ్యాండ్ ఒకటే చిన్న ముక్కను మళ్లీ మళ్లీ వాయిస్తూ నిప్పు ఆరిపోకుండా చూస్తుంటుంది. అతను ఒక మాట అని ఆగుతాడు. చీకట్లోంచి ఎవరో ఆడమనిషి కేక వేస్తుంది. చుట్టూ నవ్వులు. అతను దానికి జవాబుగా ఇంకో మాట వదులుతాడు. ఊరికే చిన్నగా అరిస్తే చాలదు, గట్టిగా అరవమంటాడు. బుర్రకథ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కథకుడు ఒక మాట అంటాడు, వంతలు అందుకుంటారు, ఆ అందుకోవడంలోనే కథ కదులుతుంది. అపోలోలో స్టేజి మీద ఫేమస్ ఫ్లేమ్స్ బృందం వంత పాడితే, కింద పదిహేను వందల మంది రెండో వంత పాడారు.

ఈ అలవాటు నల్లజాతి చర్చిల్లోంచి వచ్చింది. పాస్టర్ ఒక వాక్యం చెప్పి ఆగితే సభ జవాబిస్తుంది. సోల్ సంగీతంలో ఆ పాస్టర్ స్థానంలోకి గాయకుడు వచ్చాడు, దేవుడి స్థానంలోకి ప్రియురాలు. రాగం, అరుపు, మోకాళ్ల మీద పడటం అన్నీ అలాగే ఉన్నాయి. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ విడిగా ఉంచిన వేర్పాటు చట్టాల కాలంలో నల్లజాతి కళాకారులు తిరిగే థియేటర్లు, క్లబ్బుల వరసను చిట్లిన్ సర్క్యూట్ అనేవారు. హార్లెంలో అపోలో, షికాగోలో రీగల్, మయామీలో హార్లెం స్క్వేర్ క్లబ్ లాంటివి ఆ దారిలో మజిలీలు. అక్కడికి వచ్చే జనానికి ఎప్పుడు జవాబివ్వాలో చిన్నప్పటి నుంచే తెలుసు.

హార్లెం స్క్వేర్ క్లబ్ పేరు చెప్పాను కాబట్టి దాని సంగతీ చెప్పుకోవాలి. సోల్ గాయకుడు శామ్ కుక్ అక్కడ 1963 జనవరి 12న పాడింది ఆర్‌సీఏ కంపెనీ రికార్డు చేసింది. రేడియోలో అతని గొంతు తేనెలా ఉంటుంది. ఆ రాత్రి క్లబ్బులో అదే గొంతు బొంగురుపోయి, చెమటోడ్చి, జనాన్ని పాట మొత్తం పాడిస్తుంది. తెల్లవాళ్ల ఇళ్లలోకి కూడా వెళ్లిన గాయకుడి పేరు దీనివల్ల దెబ్బతింటుందని కంపెనీ టేపుని పక్కన పడేసింది. ఆ మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని కోపకబానా నైట్‌క్లబ్బులో, సూటూ బూటూ శ్రోతల ముందు అతను మర్యాదగా పాడింది మాత్రం విడుదల చేసింది. మయామీ టేపు 1985లో గానీ బయటికి రాలేదు. కుక్ 1964 డిసెంబర్‌లోనే చనిపోయాడు. ఈ రెండు రికార్డుల్నీ ఒకే సాయంత్రం వినండి. గాయకుడు అతనే. మారింది కుర్చీల్లో ఉన్నవాళ్లు, దాంతో పాట మొత్తం మారిపోయింది.

మయామీలో కుక్ వెనక సాక్సఫోన్ వాయించింది కింగ్ కర్టిస్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఓటిస్ ముందు కూర్చున్నది ఎవరు

మాంటెరే పాప్ ఫెస్టివల్ 1967 జూన్ 16 నుంచి 18 దాకా మూడు రోజులు, ఊరి ఫెయిర్‌గ్రౌండ్స్‌లో జరిగింది. నడిపించినవాళ్లలో ముఖ్యులు నిర్మాత లూ ఆడ్లర్, మామాస్ అండ్ పాపాస్ గాయకుడు జాన్ ఫిలిప్స్. రవిశంకర్ గారికి తప్ప ఎవరికీ పారితోషికం లేదు. వచ్చిన వాళ్లలో ఎక్కువమంది తెల్లజాతి కుర్రకారు, శాన్‌ఫ్రాన్సిస్కో హిప్పీ గాలి తగిలిన వాళ్లు. ఓటిస్ రికార్డులు అప్పటిదాకా ఎక్కువగా కొన్నది వీళ్లు కాదు. అతని జనం అమెరికా దక్షిణాదిలో, చిట్లిన్ సర్క్యూట్‌లో ఉన్నారు. జార్జియాలోని డాసన్‌లో పుట్టి మేకన్‌లో పెరిగినవాడు, మెంఫిస్‌లోని స్టాక్స్ కంపెనీకి పాడేవాడు.

శనివారం రాత్రి చివరి ఐటమ్ అతనిది. వాన తుంపర పడుతోంది, షో ముగించాల్సిన గడువు నెత్తిమీద ఉంది. ముందు వాయించిన జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం వెనక రంగురంగుల లైట్ల ఆట ఆడింది. ఆ తర్వాత వచ్చిన స్టాక్స్ వాళ్లు ఒకేలాంటి సూట్లు వేసుకుని, పనివాళ్లలా నిలబడ్డారు. బుకర్ టీ జోన్స్ ఆర్గన్, స్టీవ్ క్రాపర్ గిటార్, డక్ డన్ బేస్, అల్ జాక్సన్ డ్రమ్స్, పక్కన ట్రంపెట్, సాక్సఫోన్ లాంటి ఊదే వాద్యాలతో (హార్న్స్) మార్-కీస్ బృందం. ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు ఉన్న ఈ బ్యాండ్ వేర్పాటు ఇంకా వదలని మెంఫిస్ నగరంలో రోజూ ఒకే గదిలో పని చేసేది. ఆ వసంతంలోనే స్టాక్స్ వాళ్లంతా యూరప్ టూర్ చేసి వచ్చారు కాబట్టి వాయిద్యం తాళం వేసినట్టు బిగుసుకుని ఉంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ మాటల దగ్గరికి వద్దాం. నేనన్నది నిజమేనా, అవునని చెప్పండి. అపోలోలో అయితే ఇలా అడగాల్సిన పనే లేదు. అడక్కముందే జవాబు వచ్చేస్తుంది. మాంటెరేలో కూర్చున్న వాళ్లకు ఆ ఆనవాయితీ తెలియదు. వాళ్లకు తెలిసింది ప్రేమ, శాంతి అనే మాటలు. ఓటిస్ ఏం చేశాడంటే, వాళ్ల మాటనే తీసుకుని చర్చి పద్ధతిలో ప్రశ్నగా మార్చాడు. మీరు ప్రేమ అంటున్నారు కదా, అయితే పలకండి అన్నాడు. ఒక్క నిమిషంలో ఆ జనానికి వంత పాడటం నేర్పాడు. చాలామంది ఆ మాటల్ని హిప్పీలను మెచ్చుకోవడంగా వింటారు. నాకు మాత్రం అందులో వృత్తి తెలిసిన మనిషి పనితనం వినిపిస్తుంది. తన వాద్యం శ్రుతిలో లేదని గమనించి, పాట మొదలుపెట్టే ముందు శ్రుతి చేసుకున్నాడు.

ఆ నెమ్మదైన పాటలో హార్న్స్ ఒక్కో మెట్టూ ఎక్కుతాయి. ప్రేమించి ప్రేమించి ఇక ఆపలేకపోతున్నానన్న మాట వచ్చేసరికి బ్యాండ్ అంతా ఒక్కసారిగా కింద నుంచి పైకి లేచి, అంచు మీద ఆగుతుంది. ఆ ఆగిన చోట గొంతు ఒక్కటే మిగులుతుంది. స్టూడియోలో కూడా ఇదే కట్టుబడి. కానీ స్టూడియోలో ఆ ఖాళీలో నిశ్శబ్దం ఉంటుంది, ఇక్కడ వేలమంది ఊపిరి బిగబట్టిన చప్పుడు ఉంటుంది. దర్శకుడు పెన్నేబేకర్ తీసిన ఫెస్టివల్ సినిమాలో ఈ పాటని ఓటిస్ వీపు వెనక నుంచి కూడా తీశారు. అతను కదిలినప్పుడల్లా ఎదురుగా ఉన్న స్టేజి లైటు కెమెరా కంట్లోకి కొట్టి తెర మొత్తం తెల్లబడుతుంది, మళ్లీ అతని తల అడ్డొస్తే చీకటి. ఆ లైటు వచ్చీ పోవడం కూడా పాటతోపాటే ఊపిరి తీస్తున్నట్టుంటుంది.

రెండో పాట 'రెస్పెక్ట్' గురించి ఒక ముక్క. అది ఓటిస్ రాసుకున్నదే. కానీ ఆ నెలలో అమెరికా రేడియోలో మోగుతున్నది అరీతా ఫ్రాంక్లిన్ పాడింది, అప్పుడే నంబర్ వన్ అయింది. ఆ పాటను ఒక అమ్మాయి తన దగ్గర్నుంచి లాగేసుకుందని అతను స్టేజి మీద నవ్వుతూ చెప్పి, రెట్టించిన వేగంతో పాడాడు. కిందున్నవాళ్లకు ఆమె రికార్డు తెలుసు కాబట్టి ఆ మాట పేలింది. ఇలాంటివి లైవ్ రికార్డులో తప్ప ఎక్కడా దొరకవు.

ఒక వైపు పూర్తిగా, ఇంకో వైపు ఏరి

ఇక ప్లేటు లెక్కలు. ఎల్పీలో ఒక వైపుకి హాయిగా పట్టేది ఇరవై నిమిషాల చిల్లర. అంతకు మించి కూరితే గాడి సన్నబడుతుంది, ధ్వని బలం తగ్గుతుంది. ఓటిస్ సమయం లేక కుదించి పాడింది సరిగ్గా ఒక వైపుకి సరిపోయింది. అందుకే అతని అయిదు పాటలూ, పాడిన వరసలోనే ఉన్నాయి. హెండ్రిక్స్ తొమ్మిది పాటలు వాయించాడు. అందులోంచి నాలుగే తీసుకున్నారు. కాబట్టి రెండు వైపులూ ఒకే రకం సాక్ష్యం కాదు. ఓటిస్ వైపు ఒక కచేరీ. హెండ్రిక్స్ వైపు కచేరీలోంచి ఏరిన ముక్కలు. వదిలేసిన అయిదింటిలో నాలుగు అప్పటికే అతని మొదటి అమెరికన్ ఆల్బమ్‌లో వచ్చినవి. అయిదోది, హౌలిన్ వుల్ఫ్ బ్లూస్ పాట, అతను ఆ రాత్రి మొదలుపెట్టిందే దానితో. దాన్ని వదిలేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. సొంత దేశంలో తన కొత్త బృందంతో మొదటిసారి స్టేజి ఎక్కి, మొట్టమొదట పాత బ్లూస్ అందుకున్నాడంటే ఆ ఎంపికలో చెప్పాల్సింది చాలా ఉంది. పూర్తి కచేరీ కోసం శ్రోతలు 1986 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇద్దరూ వేరువేరు కంపెనీల వాళ్లు కదా అంటే, అప్పటికి ఆ గోడ కూలిపోయింది. రిప్రైజ్ వార్నర్ కంపెనీ కుటుంబంలోది. ఓటిస్ రికార్డుల్ని దేశమంతా పంపిణీ చేసిన అట్లాంటిక్ కంపెనీని వార్నర్ 1967లో కొనేసింది. ఆ అమ్మకంతోనే స్టాక్స్ వాళ్లకు పిడుగులాంటి వార్త తెలిసింది. 1965లో తాము సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం అట్లాంటిక్ పంపిణీ చేసిన పాటల మాస్టర్ టేపులన్నీ, అంటే అసలు టేపులన్నీ, అట్లాంటిక్ సొత్తు. సొంత స్టూడియోలో, సొంత మనుషులతో చేసిన పాటల మీద స్టాక్స్‌కి హక్కు లేకుండా పోయింది. ఈ సంగీతం విన్నప్పుడల్లా ఆ కాగితం నాకు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

హెండ్రిక్స్ వైపు

హెండ్రిక్స్ అంటే లండన్ నుంచి ఊడిపడ్డ రాక్ మనిషి అనుకుంటారు చాలామంది. నిజానికి అతను సియాటిల్‌లో పుట్టి, సైన్యం నుంచి బయటికొచ్చాక ఏళ్ల తరబడి చిట్లిన్ సర్క్యూట్‌లోనే వాయించాడు. ఐస్లీ బ్రదర్స్ వెనక, లిటిల్ రిచర్డ్ వెనక, 1966లో కింగ్ కర్టిస్ వెనక కూడా. మయామీలో శామ్ కుక్ పక్కన సాక్సఫోన్ పట్టిన ఆ కర్టిసే. ఆ ఏడాది సెప్టెంబర్‌లో, తర్వాత మేనేజర్ అయిన చాస్ చాండ్లర్ అతన్ని లండన్ తీసుకెళ్లాడు. అక్కడ నోయెల్ రెడింగ్ బేస్, మిచ్ మిచెల్ డ్రమ్స్‌తో బృందం కట్టాడు. మాంటెరేకి అతన్ని సిఫార్సు చేసింది బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ. అంటే ఈ ప్లేటుకి రెండు వైపులా ఉన్నవాళ్లు ఒకే దారిలో తిరిగినవాళ్లే. ఓటిస్ ఆ దారి వెంటే నేరుగా వచ్చాడు, హెండ్రిక్స్ సముద్రం దాటి చుట్టూ తిరిగి వచ్చాడు. సోల్, బ్లూస్ రాక్ అని రెండు అరల్లో పెట్టేస్తే ఈ చుట్టరికం కనపడకుండా పోతుంది.

దీనికి రుజువు అతని వైపు రెండో పాటలోనే ఉంది. బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బీబీ కింగ్ పాడి పేరు తెచ్చిన బ్లూస్ అది. షికాగో రీగల్ థియేటర్‌లో 1964 నవంబర్ 21న బీబీ కింగ్ చేసిన లైవ్ రికార్డు ఒకసారి విని ఇది వినండి. కింగ్ ఒక్కో స్వరం వదిలి, హాలు స్పందించేదాకా ఆగుతాడు. అతని గిటారు మాట్లాడుతుంది, ఆడవాళ్లు జవాబిస్తారు. హెండ్రిక్స్ అదే బ్లూస్‌ని పరుగు పెట్టించాడు. జవాబు కోసం ఆగే వ్యవధి అందులో లేదు. ప్రశ్నా జవాబూ రెండూ తన గిటారుతోనే చెప్పించాడు. వంతకు జనం లేనిచోట తనే రెండు గొంతులయ్యాడు. ఓటిస్ వైపు జనం పాటలో ఉంటారు, హెండ్రిక్స్ వైపు పాటను చూస్తూ ఉంటారు. ఒకే మైదానం, ఒక్క రోజు తేడా. అయినా రికార్డులో ఆ తేడా స్పష్టంగా వినిపిస్తుంది.

చివరి పాట దగ్గర అతను గిటారు తగలబెట్టాడన్నది అందరికీ తెలిసిన కథే. ప్లేటు మీద మంట కనపడదు కదా, మరి ఏం వినపడుతుంది? ఫీడ్‌బ్యాక్. మన సభల్లో మైకు స్పీకరుకి ఎదురుగా తిరిగితే కుయ్యిమని కీచు అరుపు వస్తుందే, అదే. స్పీకర్లోంచి వచ్చిన చప్పుడు గిటారు తీగను ఊపుతుంది, తీగ ఊగితే మళ్లీ స్పీకర్ మోగుతుంది, ఆ చక్రం ఆగదు. మైకు వాళ్లు దాన్ని చూసి కంగారుపడతారు. హెండ్రిక్స్ దాన్ని పెంచి పోషించి, ఒంటితో దగ్గరికీ దూరానికీ జరుగుతూ స్వరం మార్చాడు. కుడిచేతి వాటం వాళ్లకు చేసిన స్ట్రాటోకాస్టర్ గిటారుని తిరగేసి, ఎడమచేతికి తగ్గట్టు తీగలు మార్చి కట్టుకున్నవాడు అతను. ఆ గోల మధ్యలో, మూడే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఉన్న ఆ మొరటు పాటలో, ఉన్నట్టుండి 'స్ట్రేంజర్స్ ఇన్ ది నైట్' వరస ఒకటి మెరిసి పోతుంది. ఫ్రాంక్ సినాట్రా పాట. చెవి పెట్టి వింటే తప్ప దొరకదు. మంట చూసినవాళ్లకు బహుశా అది తప్పిపోయే ఉంటుంది, ప్లేటు వినేవాళ్లకు దక్కింది.

అదే ఆదివారం మధ్యాహ్నం అదే స్టేజి మీద రవిశంకర్ గారు సితార్ వాయించారు. అల్లారఖా తబలా. ఆ మధ్యాహ్నం పూట మొత్తం ఆయనకే కేటాయించారు. ఆ కచేరీ కూడా 1967లోనే రికార్డుగా వచ్చింది. అందులో మొదటిది భీమ్‌పలాసీ, మధ్యాహ్నం పాడే రాగం, మన ఆభేరికి దగ్గరిది. వేళకు తగ్గ రాగం ఎంచుకున్నారు. ఆ సాయంత్రం ద హూ బృందం గిటారు విరగ్గొట్టడం, హెండ్రిక్స్ తగలబెట్టడం చూసి ఆయన తీవ్రంగా బాధపడ్డారు, ఆ మాట తర్వాత చాలాసార్లు చెప్పారు. వీణకు దణ్ణం పెట్టి ఒళ్లోకి తీసుకునే ఇళ్లలో పెరిగిన మనకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే హెండ్రిక్స్ మాటనీ వినాలి. తను నిజంగా ప్రేమించే వస్తువునే బలి ఇస్తున్నానని అతను పాటకు ముందు చెబుతాడు. ఇద్దరి దృష్టిలోనూ వాద్యం వట్టి చెక్క కాదు. ఆ పవిత్రతను ఏం చేయాలన్న దగ్గర దారులు విడిపోయాయి. నేను రవిశంకర్ గారి పక్షమే. కానీ ఆ ఫీడ్‌బ్యాక్ వినడం మానలేను.

ఏది లైవ్, ఏది కాదు

ఇదే ఫెస్టివల్ నుంచి ఇంకో చిక్కుముడి ఉంది. జానిస్ జోప్లిన్ తన బిగ్ బ్రదర్ బృందంతో శనివారం మధ్యాహ్నం పాడి అందర్నీ నివ్వెరపరిచింది. కానీ వాళ్ల మేనేజర్ సినిమా తీయనివ్వలేదు. ఆమెకు ఆ సినిమాలో ఉండాలని ఉంది. దాంతో ఆదివారం రెండోసారి స్టేజి ఎక్కారు, అప్పుడు కెమెరాలు తిరిగాయి. మనం తెర మీద చూసే ఆ బద్దలైపోయే గొంతు ఆ రెండోసారిది. బిగ్ మామా థార్న్‌టన్ రాసిన బ్లూస్ అది.

ఆ తర్వాతి ఏడాది కొలంబియా కంపెనీ ఆ బృందంతో 'చీప్ థ్రిల్స్' తెచ్చింది. ముందు డెట్రాయిట్‌లో కచేరీ రికార్డు చేసి చూశారు, పనికిరాలేదు. చాలావరకు స్టూడియోలోనే పాడించి, జనం కేకలు తర్వాత కలిపి, మొత్తం కచేరీలా వినిపించేట్టు చేశారు. నిజంగా స్టేజి మీద రికార్డయింది మళ్లీ ఆ థార్న్‌టన్ బ్లూస్ ఒక్కటే. ఆల్బమ్ ఎనిమిది వారాలు నంబర్ వన్‌గా ఉంది. విన్నవాళ్లలో ఎక్కువమంది కచేరీ అనే నమ్మారు. నేనూ చాలా ఏళ్లు అలాగే నమ్మాను. తెలిశాక మళ్లీ వింటే, కేకలకూ గొంతుకూ మధ్య సంభాషణ లేదని పట్టుబడుతుంది. ఆమె ఒక మాట వదిలితే జనం దానికి పలకరు, వాళ్లు ఎప్పుడూ ఒకేలా మోగుతుంటారు. చివరి బ్లూస్‌కి వచ్చేసరికి మాత్రం ఆమె ఆగిన చోట హాలు కూడా ఆగుతుంది. లైవ్ రికార్డు అసలుదో కాదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. గాయకుడు ఆగినప్పుడు జనం ఏం చేస్తున్నారో వినండి.

అలాగని అసలు టేపు ఉంటే చాలు, జరిగింది జరిగినట్టు వచ్చేస్తుందనుకోవద్దు. మాంటెరేలో శబ్దాన్ని పట్టింది వాలీ హైడర్ మొబైల్ స్టూడియో. ఏ మైకుని ఎంత పెంచాలి, జనం చప్పుడు ఎంత ఉంచాలి, పాటల మధ్య ఎంత కత్తిరించాలి అన్నవి తర్వాత కూర్చుని తేల్చేవి. పెన్నేబేకర్ సినిమా అయితే రవిశంకర్ గారి సితార్‌తో ముగుస్తుంది. దాంతో ఫెస్టివల్ కూడా అలాగే ముగిసిందని చాలామంది అనుకుంటారు. అసలు వరసలో ఆయనది మధ్యాహ్నం, ఆ రాత్రి హూ, గ్రేట్‌ఫుల్ డెడ్, హెండ్రిక్స్, ఆఖర్న మామాస్ అండ్ పాపాస్. సితార్ తర్వాత ఇంకేం పెట్టినా తేలిపోతుందని దర్శకుడు అనుకుని ఉంటే, చెవి ఉన్న మనిషి అని నేనంటాను.

మన ప్లేటు కూడా కాలాన్ని తిరగేసింది. ఆదివారం వాయించిన హెండ్రిక్స్ మొదటి వైపు, శనివారం పాడిన ఓటిస్ రెండో వైపు. ప్లేటుని వరసగా వింటే గిటారు కాలిపోయిన చప్పుడు ముందు వస్తుంది. సూది ఎత్తి, తిరగేసి పెడితే ముందు రోజు రాత్రిలోకి వెళతాం. వాన, గడువు టెన్షన్, ఆకుపచ్చ సూటు. ఆఖరి పాట నెమ్మదిగా మొదలై, ఒక్కో వాద్యం చేరి, చివరికి అందరూ కలిసి ఉరుముతారు. ఓటిస్ వెళ్లిపోతున్నట్టు ఆగి మళ్లీ మళ్లీ తిరిగొస్తాడు. 26 ఏళ్లు కూడా నిండని మనిషి. అదే ఏడాది డిసెంబర్ 10న విస్కాన్సిన్‌లోని మోనోనా సరస్సులో విమానం కూలి పోయాడు. ఆ రాత్రి మాత్రం జనం వదలట్లేదు, టైమ్ అయిపోయింది, నేను వెళ్లాలి, నాకు వెళ్లాలని లేదు అంటున్నాడు. వెనక హార్న్స్ ఇంకా మోగుతూనే ఉన్నాయి.